బొత్తాల కొట్టు మీది ఇల్లు

ఆయన్ని అందరూ బాబాయ్ అనేవాళ్ళు. ఆ మాటకొస్తే ఆ పరాయి దేశం మొత్తం గాలించినా ఆయనకి సొంత అన్న కొడుకు ఒక్కడు దొరకడు. అయినా ఒకే గదిలో సర్దుకుంటున్న నలుగురిలోకీ పెద్దవాడు, పైగా ఎవరికి జ్వరమొచ్చినా తల దగ్గర కూర్చునేవాడు, ఇంకేమని పిలుస్తారు? ఆసుపత్రి లాండ్రీలో పని. ఇస్త్రీ యంత్రం వేడి రోలర్ల మధ్య నుంచి బయటికొచ్చే తెల్ల దుప్పట్లు అందుకుని మడతలు పెట్టడమే ఉద్యోగం. నోట్లో నాలుక లేని మనిషి. మడతల విషయంలో మాత్రం మహా మొండి. గదిలో ఎవరైనా తువ్వాలు ఉండచుట్టి మంచమ్మీద పడేస్తే, దాన్ని దులిపి, చక్కగా మడిచి పెట్టేదాకా ఆయనకి అన్నం సయించేది కాదు.

మిగతా ముగ్గురిలో ఒకడు సిటీ బస్సు డ్రైవరు. మనిషి పొడుగు, నోరు పెద్దది, ఏడుపు అంతకంటే పెద్దది, కాకపోతే రెండోది ఎవరికీ తెలియనివ్వడు. రెండోవాడు ప్లంబరు. ఎక్కడ కుళాయి కనబడ్డా తిప్పి చూడందే చెయ్యి ఊరుకోదు. మూడో ఆయన ఏదో హోటల్లో వంట చేస్తాడు. రోజంతా అక్కడ వండీ వండీ గదికొచ్చాక మాట్లాడే ఓపిక కూడా లేనట్టుంటాడు. వంటాయన అనే పేరే ఖాయమైపోయింది.

వీళ్ళందరి మీదా పెత్తనం చేసే మనిషి ఇంకొకరున్నారు. ఆవిడ ఆ గదిలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. బాబాయ్ భార్య. బాబాయ్ భార్య కాబట్టి పిన్ని. ఫోను స్పీకరు మీద పెట్టగానే "కంచాలు కడిగారా?" అని మొదలెట్టేది. కడగలేదని గొంతులోనే పసిగట్టేది. మొహం చూడని మనిషికి భయపడి ముగ్గురు మగాళ్ళు లేచి కంచాలు కడిగేవాళ్ళంటే, ఇక బాబాయ్ సంగతి వేరే చెప్పాలా?

ఆ పిన్ని ఒకరోజు స్పీకరు తీసెయ్యమంది.

"పిల్ల పెళ్ళయిపోయింది. అత్తారింట్లో బాగానే ఉంది. ఇంకెన్నాళ్ళు మనకీ ఫోను కాపురం? ఇల్లు చూడు, వస్తాను" అంది. బాబాయ్ గుండె గాల్లో తేలిపోతుండగానే, "ముందే చెప్తున్నా. నాకక్కడ బాగుంటేనే ఉంటా. లేదంటే వచ్చిన దారినే వెళ్ళిపోతా. తర్వాత మళ్ళీ రమ్మని ఏడవకు" అని కూడా అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక కప్పు కింద ఉన్నది సెలవులకి వెళ్ళినప్పుడే. ఆ కాసిని రోజులూ చుట్టాలకీ, పిల్ల చదువుకీ, కరెంటాఫీసు పనులకీ సరిపోయేవి. భార్యకి కాఫీలో పంచదార ఎంత కావాలో కూడా ఆయనకి సరిగ్గా తెలియదు. అందుకని ఆ మాట విన్నాక ఆయనకి కావలసింది ఏదో ఒక ఇల్లు కాదు. ఆవిడ ఉండిపోయే ఇల్లు. చలికాలం వెళ్ళేలోగా తన పేరు మీద విడిగా ఇల్లు చూపించాలి, లేకపోతే భార్యని తెచ్చుకోవడానికి వచ్చిన అనుమతి మురిగిపోతుందని వీసా ఆఫీసువాళ్ళు తెగేసి చెప్పారు.

సరే, వేట మొదలైంది. ఇక్కడే చేశారు మనవాళ్ళు చెయ్యకూడని తప్పు.

ఇల్లు చూడ్డానికి నలుగురూ కలిసి వెళ్ళారు. నవ్వకండి. మనలో పిల్లని చూడ్డానికి ఒక్కడే వెళ్తాడా? పశువుని కొనడానికైనా, చీర కొనడానికైనా ఒక్కరు వెళ్తారా? మంచిచెడ్డలు చెప్పడానికి పక్కన మనుషులు ఉండొద్దూ? నలుగురూ తలంటుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, పెళ్ళిచూపులకి బయల్దేరినట్టే బయల్దేరారు. ఆ చొక్కాల ఇస్త్రీ ఎంత బాగుందో వేరే చెప్పాలా, చేసింది బాబాయే కదా.

మొదటి ఇల్లు రెండు గదులది, ముచ్చటగా ఉంది. ఇంటాయన తలుపు తీసి ఒకరి వెనక ఒకరు నలుగురు లోపలికి రావడం చూసి గోడకి అతుక్కుపోయాడు. ప్లంబరు సరాసరి వెళ్ళి ఉన్న కుళాయిలన్నీ ఒక్కసారే తిప్పేసి, వంటింటి సింకు కింద వెల్లకిలా పడుకున్నాడు. వంటాయన పొయ్యి ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, గాల్లో గరిటె తిప్పుతూ తాలింపు పొగ ఎటు పోతుందా అని ఆలోచిస్తున్నాడు. డ్రైవరైతే మరీనూ. నచ్చినట్టు కనబడితే అద్దె పెంచేస్తారని వాడి నమ్మకం. "ఎండ రాదు. గోడకి చెమ్మ. ఈ గదిలో మంచం వేస్తే మనిషి పట్టడు, మనిషి పడితే మంచం పట్టదు" అని వంకలు పెట్టడం మొదలెట్టాడు. వెనకనుంచి బాబాయ్ చొక్కా లాగుతున్నా ఆపడే! ఇంటాయన మర్యాదగా, ఫోన్ చేస్తానన్నాడు.

ఆ ఫోను రాలేదు. రెండో ఇల్లావిడ నుంచీ రాలేదు. మూడో చోట తలుపు సందులోంచి నలుగుర్నీ చూసి, ఇల్లు ఇప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశామన్నారు. అలా కాళ్ళరిగేలా తిరిగారు. చెట్లకి చిగుళ్ళు వచ్చేస్తున్నాయి. బాబాయ్‌కి చిగురు కనబడితే గడువు గుర్తొచ్చేది.

చివరికి ఇళ్ళు చూపించే ఏజెంటు అమ్మాయే పాపం జాలిపడి అడిగింది.

"ఇంతకీ ఇల్లు ఎంతమందికండీ?"

"ఇద్దరికమ్మా. నాకూ, మా ఆవిడకీ."

"మరి నలుగురు మగవాళ్ళొచ్చి మంచాలెక్కడ పడతాయో మాట్లాడుకుంటుంటే ఎవరిస్తారండీ? అందరూ కలిసి దిగిపోతారనుకుంటున్నారు."

ఆ సంగతి ఆయనకి కల్లో కూడా తట్టలేదు.

"ఇంకొక్కటే ఉంది. బొత్తాల కొట్టు మీది ఇల్లు. ఆవిడ ఇదివరకొకసారి ఇద్దరికని ఇస్తే ఊరంతా వచ్చి పడ్డారు. అప్పట్నించీ మనుషులంటే భయం. మీరొక్కరే వెళ్ళండి. మీ ముగ్గురు స్నేహితుల గురించి ఎవరైనా అడిగితే, ఎవరో నాకు తెలియదనండి" అంది.

గదికొచ్చి చెప్తే ముగ్గురి మొహాలూ వాడిపోయాయి. పాపం, తమవల్లే పిన్ని రాకుండా పోతోందని వాళ్ళకి అప్పుడే తెలిసింది మరి. "నువ్వొక్కడివే వెళ్ళు బాబాయ్. మేం గది దాటం" అని డ్రైవరు ఒట్టేశాడు.

కొట్టు చిన్నది. గోడ నిండా గాజు సీసాలు, సీసాల నిండా రంగురంగుల బొత్తాలు, దారపు ఉండలు. గల్లా దగ్గర ముసలావిడ, ముక్కు మీదకి జారిన కళ్ళద్దాలు. ఆవిడే పైకి తీసుకెళ్ళి చూపించింది. రెండు గదులు, వంటిల్లు, వీధివైపు పెద్ద కిటికీ. కిటికీలోంచి ఎండ నేలమీద దుప్పటి పరిచినట్టు పడింది. ఇక్కడ కూర్చుని ఆవిడ కూర తరుగుతుంది, అనుకున్నాడు బాబాయ్. అనుకోగానే కళ్ళు చెమర్చాయి. కుళాయి తిప్పలేదు, వంక పెట్టలేదు. "చాలా బాగుందండీ. నాకు కావాలండీ" అనేశాడు.

ఆవిడకి ఆ మనిషి నచ్చినట్టే ఉంది. కిటికీ తలుపు వేద్దామని వెళ్ళి, కిందికి చూసి ఆగిపోయింది.

"ఆ ముగ్గురెవరు? ఇందాకట్నుంచీ బస్సులొస్తున్నాయి, పోతున్నాయి. వాళ్ళు మాత్రం ఎక్కరు."

బాబాయ్ వెళ్ళి చూశాడు. ఇంకెవరు! ఎదురుగా బస్‌స్టాపులో, తమకీ లోకానికీ ఏ సంబంధమూ లేదన్నట్టు ఆకాశం చూస్తూ ముగ్గురూ నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే ఒక బస్సొచ్చి ఆగింది. ఆ బస్సు నడిపేవాడు మన డ్రైవర్ని గుర్తుపట్టి, తలుపు తెరిచి, ఎక్కవేం అని చెయ్యూపుతున్నాడు. మనవాడు వెళ్ళిపో, వెళ్ళిపో అని కళ్ళెర్రజేస్తున్నాడు. ప్లంబరు కిటికీలో బాబాయ్‌ని చూడగానే ఒట్టు గిట్టు మర్చిపోయి, రెండు చేతులూ పైకెత్తి, కుళాయి తిప్పు, కుళాయి తిప్పు అని సైగలు మొదలెట్టాడు.

"మీకు తెలిసినవాళ్ళా?" అని అడిగింది ముసలావిడ.

తెలియదు అన్న ఒక్క మాట చాలు. ఇల్లొస్తుంది, భార్య వస్తుంది. బాబాయ్ గొంతు సవరించుకున్నాడు కూడా. కింద ఆ వెర్రివెధవ ఇంకా చేతులు తిప్పుతూనే ఉన్నాడు. కిందటేడు తను మంచాన పడితే ఆ చేతులతోనే కదా వాడు తనకి నోట్లో గంజి పోసింది!

"మా వాళ్ళేనండీ" అన్నాడు. "ఉండేది మేమిద్దరమే. కానీ సెలవు రోజున వాళ్ళొస్తారు. అన్నం తింటారు. కొంచెం గట్టిగా మాట్లాడతారు. అబద్ధం చెప్పి ఇల్లు తీసుకోలేనండీ."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆలోచించుకుని చెప్తానంది. ఆ మాటకి అర్థమేమిటో ఇన్ని ఇళ్ళు తిరిగినవాడికి తెలియదా? బాబాయ్ దణ్ణం పెట్టి మెట్లు దిగాడు.

జరిగింది చెప్తే డ్రైవరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నిన్నెవరు నిజం చెప్పమన్నారు? మాకోసం పిన్నిని వదులుకుంటావా? బుద్ధుందా అసలు నీకు?" అని నడివీధిలో నిలబెట్టి కడిగేశాడు. బాబాయ్ రెండో షిఫ్టుకి టైమవుతోందని లాండ్రీకి వెళ్ళిపోయి, ఆ పూట దుప్పట్లు ఎలా మడిచాడో ఆయనకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఫోను. బొత్తాలావిడ! వచ్చి తాళాలు తీసుకెళ్ళమంది.

ఇక బాబాయ్ కాళ్ళు నేలమీద నిలిస్తే ఒట్టు. "చూశారా! నిజం చెప్పాను, ఇల్లిచ్చింది! మనుషుల్లో ఇంకా మంచి ఉందిరా!" అని గదంతా ఒకటే తిరగడం. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "నీ అంత సత్యసంధుడు ఇంకెవడున్నాడులే బాబాయ్" అన్నాడు డ్రైవరు.

పిన్ని వచ్చిన రోజున విమానాశ్రయానికి నలుగురూ వెళ్ళారు. పొట్టిగా, బక్కగా, పెద్ద పెట్టెని ఈడ్చుకుంటూ వస్తున్న ఆవిడని చూసి, ఈవిడకేనా ఇన్నాళ్ళూ వణికిందని ముగ్గురూ ఆశ్చర్యపోయారు. నోరు విప్పింది. అనుమానం తీరిపోయింది. ప్లంబరు చెంప పట్టుకుని, "కంచం మంచం కిందికి తోసేది నువ్వేగా?" అంది. వాడు సిగ్గుతో మెలికలు తిరిగాడు. పెట్టెలన్నీ బొత్తాల కొట్టు దాకా మోసుకొచ్చి, గుమ్మం బయట దింపి, డ్యూటీ ఉందంటూ ముగ్గురూ వెనక్కి తిరిగారు. పైకి రండర్రా, కాఫీ తాగి వెళ్ళండర్రా అని బాబాయ్ పిలుస్తుంటే వినబడనట్టే వెళ్ళిపోయారు.

మొదటి సెలవు రోజుకి పిన్ని అయిదుగురికి వండింది. ఒక్కడూ రాలేదు. ఒకడికి ఓవర్‌టైమట, ఒకడికి తలనొప్పట, ఒకాయన ఫోనే ఎత్తలేదు. రెండో వారమూ అంతే. మిగిలిన పప్పూ కూరా రెండేసి రోజులు వీళ్ళే తిన్నారు.

పైకి అనలేదు గానీ బాబాయ్‌కి చచ్చేంత కష్టం వేసింది. ఇల్లు రాగానే పరాయివాణ్ణయిపోయానా? నేనేమన్నానని? పిన్నికి ఇంకో రకం బాధ. "నేనొచ్చాననే కదూ? మీ నలుగురి మధ్యా నేనొక అడ్డం" అంది ఒకసారి. ఆయన కాదు కాదంటున్నా వినలేదు. ఆయన పొద్దున వెళ్తే సాయంత్రం వస్తాడు. భాష రాదు. పక్కింటి తలుపులు తెరుచుకోవు. ఫోన్లో నలుగురి మీద పెత్తనం చేసిన మనిషికి ఇక్కడ విసుక్కోవడానికైనా ఒక్క మనిషి లేడు. కిటికీ దగ్గర ఎండ బాగానే పడేది. ఆవిడ అక్కడే కూర్చునేది, కానీ కూర తరగడానికి కాదు, ఊరికే.

"తిరుగు టికెట్టు ఎప్పటిదాకా పనికొస్తుంది?" అని అడిగింది ఒకనాడు, మాటల్లో మాటగా.

బాబాయ్ చూసి చెప్తానన్నాడు. చూడలేదు.

మూడో సెలవు రోజు పొద్దున, తెగిన చొక్కా బొత్తాం కుట్టుకుందామని కొట్లోకి దిగాడు. ముసలావిడ సీసాలో వెతుకుతూ, "మీ స్నేహితులు మంచివాళ్ళండీ, మాట మీద నిలబడ్డారు" అంది.

"ఏం మాటండీ?"

"మీకు తెలియదా? మీరు ఇల్లు చూసుకుని వెళ్ళిన సాయంత్రమే ముగ్గురూ వచ్చారు. ఆ పొడుగాయనే మాట్లాడాడు. ‘మేము ఆయనకేమీ కామండీ, ఉత్త ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆయన పెద్దమనిషి, మాకు అన్నం పెట్టాలని ఆశ పడుతున్నాడు గానీ మేం రాం. మీ మెట్లు ఒక్కటి కూడా ఎక్కం. ఆయన భార్య రావాలండీ, ఇల్లివ్వండి’ అన్నాడు. అలా అంటూ ఏడ్చాడు కూడా. అందుకే ఇచ్చాను."

బొత్తాం అక్కడే వదిలేసి బాబాయ్ పైకొచ్చాడు. మెట్ల మీద ఒకచోట ఆగి మొహం తుడుచుకోవలసి వచ్చింది. వంటింట్లో నిలబడి అంతా భార్యకి చెప్పాడు. "వెళ్ళి ఆవిణ్ణి బతిమాలతాను. కాళ్ళు పట్టుకుంటాను. కాదంటే ఇంకో ఇల్లు చూస్తాను" అన్నాడు.

పిన్ని గరిటె పక్కన పెట్టింది. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుని, గట్టిగా ముక్కు చీది, అలమారలోంచి పెద్ద గిన్నెలన్నీ దించింది.

"మాటిచ్చిందెవరు? వాళ్ళు. వాళ్ళు మన మెట్లెక్కకూడదు, అంతేగా? మనం వాళ్ళ మెట్లెక్కకూడదని ఎవరన్నారు? చూస్తావేం, ఆ బియ్యం కడుగు!"

మధ్యాహ్నానికి ఇద్దరూ బస్సులో ఉన్నారు. ఆవిడ ఒళ్ళో అన్నం గిన్నె, ఆయన ఒళ్ళో పప్పూ కూరా. బస్సంతా తాలింపు వాసన. ఎదుటి సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. పిన్ని ఆయన్ని చూసి నవ్వింది కూడా.

గది తలుపు తీసింది ప్లంబరు. పిన్నిని చూడగానే వాడు లోపలికి పారిపోయాడు. లుంగీలు సర్దుకునేవాడొకడు, మంచమ్మీది బట్టలు మంచం కిందికి తోసేవాడొకడు, నానా హడావిడి.

"ఆగండి, ఎక్కడివాళ్ళక్కడ ఆగండి" అంది పిన్ని. "నాకన్నీ తెలిశాయి. కంచాలు తియ్యండి."

"పిన్నీ, అది కాదు..." అంటూ డ్రైవరు నీళ్ళు నమిలాడు.

బాబాయ్ ఎప్పుడూ గొంతెత్తని మనిషి. ఆవేళ ఎత్తాడు. "మీరు నావాళ్ళని నేను చెప్పొస్తే, వెనకాలే వెళ్ళి మేం ఏమీ కామని చెప్తార్రా? ఉత్త గదివాణ్ణిట్రా నేను? ఇన్నేళ్ళుగా ఉత్త గదివాణ్ణేనా?" అని డ్రైవరు వీపు మీద ఒక్కటిచ్చాడు. ఇచ్చి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కున్నాడు. ఇంతకాలం దాచుకున్న వాడి ఏడుపు గదిలో అందరికీ తెలిసిపోయింది.

నేలమీద కాగితాలు పరిచి అయిదుగురూ కూర్చున్నారు. పిన్ని వడ్డించింది. వంటాయన ఒక్కో ముద్దా కళ్ళు మూసుకుని తిన్నాడు. ఊరికే కూర్చుంటే ఇంకొకరు వడ్డించి ఎన్నేళ్ళయిందో ఆయనకి! "బొత్తాలావిడ సంగతి నాకొదిలెయ్యండి. భాష రాకపోతేనేం, కూర రుచి ఎవరికైనా తెలుస్తుంది" అంది పిన్ని. ప్లంబరు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

అప్పుడు చూసిందావిడ, గోడ వారగా ఉన్న నాలుగో మంచాన్ని. దాని మీద ఉతికిన దుప్పటి నలగకుండా పరిచి ఉంది.

"అదెవరిది?"

"బాబాయ్‌దే" అన్నాడు ప్లంబరు.

"ఇంకా ఎవరికీ ఇవ్వలేదా? మనుషులు దొరకలేదా?"

డ్రైవరు కంచంలోకి చూశాడు. ప్లంబరు డ్రైవరు వంక చూశాడు. చివరికి ఎప్పుడూ మాట్లాడని వంటాయనే నోరు విప్పాడు.

"దొరక్కేం అమ్మా, అడిగినవాళ్ళున్నారు. మేమే ఇవ్వలేదు. నీకిక్కడ బాగుంటేనే ఉంటానన్నావట కదా. రేపు నువ్వు వెళ్ళిపోతే, ఆ ఇంట్లో ఈయనొక్కడే ఎలా ఉంటాడు? అందుకని ఉంచాం."

బాబాయ్ ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. భార్య మొహం చూసే ధైర్యం ఆయనకి లేకపోయింది.

పిన్ని ఆ మంచం వంక చాలాసేపు చూసింది. లేచి గిన్నె అందుకుని, ఆయన కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

"రేపే ఎవరికైనా ఇచ్చెయ్యండి ఆ మంచం" అంది. "ఈయనకి ఇక అక్కర్లేదు."